దువా ఆపనక్కరలేదు, దవా మానకూడదు

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా షాదీఖానాలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు అప్పగించిన ప్రశ్న ఇది: వ్యాధిని గురించి నేటి వైద్యం చెబుతున్న దానికి అనుగుణంగా వెనుకటి ధర్మబోధలు మారాలా? ప్రశ్న పెద్దది. మేము ఆలిములం కాము, వైద్యులం కాము. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దరఖాస్తులు చదివినవాళ్ళం. విరమణ తర్వాత బస్తీలలోని రోగుల కుటుంబాల వెంట ఆసుపత్రులకు, కార్యాలయాలకు తిరుగుతున్నవాళ్ళం. కనుక ఫత్వా చెప్పబోము. చదివినదీ, చూసినదీ మీ ముందు ఉంచుతాము.

ప్రశ్నను ఒక్క వ్యాధికే పరిమితం చేసుకుంటాము. అది మనోవ్యాధి. షుగరు వచ్చినవారిని డాక్టరు వద్దకు వెళ్ళవద్దని మనలో ఎవరూ అనరు. గుండెపోటు వచ్చినవారి ఈమాన్‌ను ఎవరూ శంకించరు. మనసుకు జబ్బు చేసినప్పుడు మాత్రమే ధర్మం ఒక వైపు, వైద్యం మరొక వైపు నిలిచినట్లు మనకు తోస్తుంది. ఆ తోపు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఒక సంఘటన చాలు.

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయం అగ్నికి ఆహుతి అయింది. ఏర్వాడి దర్గాకు మనశ్శాంతి కోరి వచ్చే మనోరోగులను డబ్బు తీసుకుని ఉంచుకునే ఆశ్రయాలు ఆ రోజులలో దర్గా చుట్టుపక్కల అనేకం ఉండేవి. వాటిలో ఇది ఒకటి. మంటలు లేచినప్పుడు లోపల ఉన్నవారు పారిపోలేకపోయారు. వారి కాళ్ళకు గొలుసులు ఉన్నాయి. 28 మంది మరణించారు. దేశం నివ్వెరపోయింది. సుప్రీంకోర్టు తనంతట తాను ఆ విషయాన్ని విచారణకు స్వీకరించింది. అయినా గొలుసులు పోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో ఒక దర్గా వద్ద మనోరోగులను గొలుసులతో బంధించి ఉంచారన్న ఫిర్యాదు 2019 జనవరిలో మళ్ళీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మనిషిని గొలుసులతో కట్టివేయడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు విరుద్ధమని న్యాయస్థానం మరోసారి చెప్పవలసి వచ్చింది.

ఆ గొలుసును వేసింది ఎవరు? ధర్మమా? ఇదే మా అసలు ప్రశ్న. దీనికి జవాబు వెదకాలంటే మనం ధర్మం అని ఒక్క మాటలో పిలుస్తున్నదానిని మూడుగా విడదీసి చూడాలి. మొదటిది దివ్య ఖుర్ఆన్, దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ఆచరణ. రెండవది వాటి నుండి ఫుఖహాలు కాలానుగుణంగా తీసిన తీర్పులు. మూడవది మన ఇళ్ళలో, వీధులలో ఎవరు మొదలుపెట్టారో తెలియకుండా సాగుతున్న ఆచారం. మా మాట ఇంతే: మొదటిది మారనక్కరలేదు. రెండవది ఏనాడూ వైద్యుని మాట వినకుండా లేదు. మారవలసింది మూడవది. ఆ మూడవదాన్నే మనం మొదటిదిగా భ్రమిస్తున్నాము.

మొదటిదాన్ని చూద్దాం. రోగం వస్తే మందు వాడవచ్చునా అని ఎడారివాసులు ప్రవక్త (స) వారిని అడిగారు. వాడండి అని ఆయన చెప్పారు. వృద్ధాప్యం తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదని బోధించారు. ఈ మాటలో శరీర రోగానికి, మనోరోగానికి తేడా పెట్టలేదు. నిద్రలో ఉన్నవానిపై, పసివానిపై, మతి తప్పినవానిపై కర్మల లెక్క రాసే కలం లేపివేయబడిందని మరొక హదీసు తెలుపుతోంది. మతి తప్పినవాడు చెప్పిన తలాఖ్ చెల్లదని, అతడు చేసిన బేరం చెల్లదని ఫుఖహాలు తీర్పు చెప్పడానికి ఇదే ఆధారం. అంటే మనోవ్యాధి ఒక వ్యాధి అనీ, అది మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ మన ధర్మం పద్నాలుగు శతాబ్దాల క్రితమే అంగీకరించింది. నమాజు విషయంలో అల్లాహ్ లెక్క అడగనివానిని పక్కింటివారు లెక్క అడుగుతున్నారు. ఇది ఎక్కడి న్యాయం?

సహీహ్ బుఖారీలో ఒక స్త్రీ ప్రస్తావన ఉంది. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. పడిపోయినప్పుడు తన ఒంటిపై బట్ట తొలగుతున్నదని, తన కోసం దువా చేయమని ప్రవక్త (స) వారిని వేడుకుంది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందని, కోరితే స్వస్థత కోసం దువా చేస్తానని ఆయన రెండు దారులు ఆమె ముందు ఉంచారు. సహనాన్నే ఎంచుకుంటాను, బట్ట తొలగకుండా మాత్రం దువా చేయమని ఆమె కోరింది. ఆయన అలాగే చేశారు. ఈ వృత్తాంతంలో గమనించవలసినవి రెండు. ఆమె ఏ పాపం చేసిందో అని ఎవరూ విచారించలేదు. నిర్ణయం ఆమెకే వదిలారు. ఆమె తరఫున భర్తో, అన్నో, ముజావరో నిర్ణయించలేదు. రోగి సమ్మతి లేకుండా చికిత్స చేయరాదని నేటి చట్టం సామాన్య నియమంగా చెబుతోంది. అది మనకు పరాయి మాట కాదు.

సహీహ్ ముస్లింలో మరొక వృత్తాంతం ఉంది. మదీనాలో మతి నిలకడ లేని ఒక స్త్రీ ప్రవక్త (స) వారి వద్దకు వచ్చి, మీతో పని ఉంది అన్నది. నీకు ఇష్టమైన వీధి చెప్పు, అక్కడే నీ మాట వింటాను అని ఆయన చెప్పారు. ఆమె చెప్పవలసినదంతా చెప్పేవరకు దారిలో ఆమెతో నిలబడ్డారు. ఒక నగరాన్ని నడుపుతున్న నాయకుడు వీధిలో నిలబడి మతి నిలకడ లేని స్త్రీ మాట పూర్తిగా విన్నాడు. మన ఇంట్లో ఉన్న అలాంటి అక్క మాట మనం ఎంతసేపు వింటున్నాము? పెళ్ళి చూపులకు ఎవరైనా వస్తే ఆమెను వెనుక గదిలో ఉంచి తలుపు గడియ వేస్తున్నాము.

దుఃఖం ఈమాన్ లోపమని చెప్పేవారున్నారు. నమాజు సరిగా చేస్తే డిప్రెషన్ ఎందుకు వస్తుందని అడిగేవారున్నారు. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటు వల్ల దుఃఖించి దుఃఖించి చూపు కోల్పోయారని ఖుర్ఆన్ చెబుతోంది. ఆయనకు ఈమాన్ లోపించిందా? ప్రసవ వేదనలో హజ్రత్ మర్యమ్ (అ) ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేది అనుకున్నారని అదే గ్రంథం తెలుపుతోంది. అల్లాహ్ ఆమెను గద్దించలేదు. ఓదార్చాడు, ఆహారం, నీరు చూపించాడు. నమాజు మనసుకు గొప్ప ఊరట. దానిని మేము కాదనము. కాని ఊరట వేరు, వ్యాధికి చికిత్స వేరు. కాలు విరిగినవానికి నమాజు ఊరటనిస్తుంది. అయినా కట్టు కట్టించుకోవద్దని ఎవరూ అనరు కదా!

ఇదంతా విధి, అల్లాహ్ రాసినది, మందులతో ఏం మారుతుంది అనేవారికి హజ్రత్ ఉమర్ (రజి) చరిత్రలో జవాబు ఉంది. సిరియాకు వెళ్తూ దారిలో అక్కడ మహమ్మారి వ్యాపించిందని విని ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ రాసిన ఒక విధి నుండి ఆయనే రాసిన మరొక విధి వైపు వెళ్తున్నామని సమాధానం చెప్పారు. రోగం విధి అయితే మందు కూడా విధిలో భాగమే.

ఇక రెండవది, మన విద్వాంసుల వారసత్వం. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్ కట్టించిన ఆసుపత్రి, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ ఆసుపత్రి చరిత్ర ప్రసిద్ధాలు. మన్సూరీ ఆసుపత్రిలో మతి చెడినవారికి ప్రత్యేక విభాగం ఉండేది. ఖర్చు వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుండి వచ్చేది. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు దేహ ఆరోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒక గ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా మనిషిని కమ్ముకునే దుఃఖం వేరు అని వివరించాడు. అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595 ప్రాంతంలో కట్టించిన దారుష్షిఫా ఉంది. వైద్యశాలగా, వైద్యం నేర్పే పాఠశాలగా అది నడిచింది. చార్మినారు కట్టిన చేతులే దానికీ పునాది వేశాయి. ఆ పేరుతో ఒక బస్తీయే వెలసింది. వక్ఫ్ అంటే సమాధి పోషణ మాత్రమే కాదని, రోగి పోషణ కూడా అని మన పూర్వులకు తెలుసు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. జిన్నుల మాట ఏమిటి? జిన్నులు ఉన్నాయని ఖుర్ఆన్ చెప్పింది. ముస్లిం దానిని విశ్వసిస్తాడు. ఆ విశ్వాసాన్ని విడిచిపెట్టమని మేము ఎవరికీ చెప్పము. అయితే జిన్నులు ఉన్నాయని నమ్మడం వేరు. ఈ వీధిలో ఈ ఇంట్లో ఈ అమ్మాయికే జిన్ను పట్టిందని తేల్చి చెప్పడం వేరు. రెండవది గైబ్ గురించిన దావా. అగోచర జ్ఞానం అల్లాహ్‌కే చెందినదని మనమే అంటాము. మరి ఒక ఆమిల్ అయిదు నిమిషాలలో ఆ జ్ఞానాన్ని ఎలా పొందాడు? అందుకోసం వేల రూపాయలు, మేకపోతు, బంగారపు ఉంగరం ఎందుకు అడుగుతున్నాడు? మిరపకాయల పొగ పెట్టి, బెత్తంతో కొట్టి, జిన్నును కొట్టాను గాని అమ్మాయిని కాదు అంటే, గాయం ఎవరి ఒంటిపై ఉంది? ఖుర్ఆన్ ఆయతులు చదివి ఊదడం, షిఫా కోసం దువా చేయడం సున్నత్. కొట్టడం, మాడ్చడం, కట్టివేయడం సున్నత్ కాదు.

చివరగా, అన్నిటికంటే కష్టమైన విషయం. ఆత్మహత్య హరామ్. ఇందులో రెండో అభిప్రాయం లేదు. ఆ బోధ ఎంతోమందిని చివరి క్షణంలో వెనక్కి లాగింది కూడా. కాని ఒక ఇంట్లో ఆ విషాదం జరిగాక మనం ఏం చేస్తున్నాము? జనాజాకు ఎవరూ రావద్దని గుసగుసలు. కబరస్తాన్‌లో ఒక మూల చూపించడం. ఆ తల్లి ముఖం చూడకపోవడం. అటువంటి ఒకరి జనాజా నమాజును ప్రవక్త (స) స్వయంగా చేయించలేదన్న హదీసు ఉంది. అది ఇతరులకు హెచ్చరిక అని, ఇతరులు నమాజు చేయవచ్చునని హనఫీ, షాఫిఈ మజహబులు సహా అధిక సంఖ్యాక ఫుఖహాలు చెప్పారు. పైగా ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో, అతనిపై కలం నడుస్తున్నదో లేపివేయబడిందో మనకు తెలుసా? తీర్పు అల్లాహ్‌ది. మన వంతు జనాజా మోయడం, ఆ ఇంటికి అన్నం పంపడం, మిగిలిన పిల్లలను కనిపెట్టుకుని ఉండడం.

దేశ చట్టం కూడా ఈ దారిలోకే వచ్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. ప్రభుత్వం అతనికి చికిత్స, సంరక్షణ ఇవ్వాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ వంటి సాధారణ నేరం లేదు. కనుక కేసు పడుతుందన్న భయంతో అటువంటి పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లో దాచవద్దు.

2018 మే 29 నుండి అమలులో ఉన్న ఈ 2017 చట్టంలో మనకు తెలియవలసిన మాటలు మరికొన్ని ఉన్నాయి. మనోరోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదు. మనోరోగులను చేర్చుకుని ఉంచే సంస్థ నమోదు లేకుండా నడవరాదు. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు. అందులో మతం పేరిట వివక్ష కూడదు. ఒకరి మతాన్ని, కులాన్ని, రాజకీయాన్ని ఆధారం చేసుకుని వారికి మనోవ్యాధి ఉన్నదని నిర్ధారించరాదు. ఇతర జబ్బులకు ఇచ్చినట్లే మనోవ్యాధికీ ఆరోగ్య బీమా వర్తింపజేయాలి. మైనారిటీల హక్కుల గురించి మాట్లాడే మనం ఈ హక్కులను కూడా మన జాబితాలో చేర్చుకోవాలి.

గుమాస్తాగా మా అనుభవం ఒకటి చెబుతాము. వికలాంగుల పింఛను దరఖాస్తులు మా బల్ల మీదికి వచ్చినప్పుడు మన బస్తీల నుండి చూపు లేనివారివి, నడవలేనివారివి, వినలేనివారివి వచ్చేవి. మనోవ్యాధి అన్న గడిలో గుర్తు పెట్టిన దరఖాస్తు మాకు అరుదుగా కనిపించేది. మన బస్తీలలో ఆ రోగులు లేక కాదు. కుటుంబాలు రాయించడానికి సిగ్గుపడ్డాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో మనోవ్యాధి ఒకటి. వైద్యమండలి 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉందని ధృవీకరిస్తే పింఛనుకు, ఇతర ప్రయోజనాలకు అర్హత వస్తుంది. ఒక చెల్లెలి గౌరవం పోతుందని మనం దాచిన కాగితం ఆమె నెలనెలా పొందవలసిన అన్నం ముద్ద. మతి నిలకడ లేనివారి ఆస్తిని కాపాడండి, వారికి తిండి, బట్ట ఇవ్వండి, వారితో మంచిగా మాట్లాడండి అన్న భావం సూరా నిసాలో ఉంది. ఆ దరఖాస్తు నింపడం కూడా ఆ ఆజ్ఞను పాటించడమే.

ప్రభుత్వాన్ని వదిలివేసి సముదాయాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కుటుంబాలు దర్గాలకు ఎందుకు పోతున్నాయి? నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట వంటి చోట్లకు ముస్లింలే కాదు, హిందువులూ ఎందుకు వస్తున్నారు? దర్గా ఆధార్ కార్డు అడగదు. ఓ.పి. చీటీ కోసం నిలబెట్టదు. పిచ్చివాడని పేరు పెట్టదు. అక్కడ రోగి తల్లికి పడుకోవడానికి నేల, ఏడవడానికి ఒక గోడ దొరుకుతుంది. మరి ఆసుపత్రి? ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే మన సమాజం తిట్టుగా మార్చింది. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో 100 మందికి సుమారు 10 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా తేలింది. వైద్యం అందని దూరంలో ఉంచి, దర్గాకు ఎందుకు పోయావని పేదవానిని నిందించే అర్హత ఎవరికీ లేదు. జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యుడు, అవసరమైన మందులు, ఉర్దూ తెలిసిన సలహాదారు ఉండాలని అడగడం మన హక్కు. అడుగుదాం.

దర్గా తలుపు మూయకుండానే దారి మార్చవచ్చునని గుజరాత్ చూపింది. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా వద్ద దవా, దువా రెండూ కలిసి సాగే కార్యక్రమం నడిచింది. ముజావర్లకు మనోవ్యాధి లక్షణాలను గుర్తించడం నేర్పారు. వచ్చినవారికి వారు దువా చేసి, ఆ ఆవరణలోనే కూర్చున్న వైద్యుని వద్దకు పంపారు. ముజావర్ మాట మీద నమ్మకంతో కుటుంబాలు మాత్ర వేయించాయి. అక్కడ ధర్మం ఓడిపోలేదు, వైద్యం ఓడిపోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల దర్గాలలో ఇది ఎందుకు జరగకూడదు? వక్ఫ్ బోర్డులను, జిల్లా వైద్యాధికారులను ఈ ఒక్క విషయం మీద కలిసి కూర్చోమని కోరుదాం.

ఉలమాలకు మా విన్నపాలు మూడు. ఏడాదికి కనీసం రెండు జుమా ఖుత్బాలలో మనోవ్యాధి గురించి చెప్పండి. మిమ్మల్ని దమ్ చేయమని వచ్చినవారికి దమ్ చేసి, డాక్టరుకు చూపించారా అని తప్పక అడగండి. రమజానుకు ముందు, మనోవ్యాధి మందులు వాడేవారు డాక్టరును సంప్రదించనిదే మోతాదు మార్చకూడదని, మందు ఆపకూడదని ప్రకటించండి. లిథియం వంటి మందులు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే ప్రాణాపాయం రావచ్చు. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఇచ్చింది మీరో మేమో కాదు, ఖుర్ఆనే.

కుటుంబాలకు ఒక విన్నపం. 14416 అనే నంబరును ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసి పెట్టుకోండి. ఇది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం. రాత్రి పగలు పనిచేస్తుంది. తెలుగులో, ఉర్దూలో మాట్లాడవచ్చు. ఎవరైనా చనిపోవాలని ఉంది అంటే దానిని బెదిరింపుగా తీసుకోవద్దు, పాపమని గద్దించవద్దు. పక్కన కూర్చోండి, వినండి, ఒంటరిగా వదలకండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

ప్రశ్న వద్దకు తిరిగి వస్తాము. ధర్మబోధలు మారాలా? మదీనా వీధిలో నిలబడి ఒక మతిలేని స్త్రీ మాట విన్న బోధను ఏ కాలానికి అనుగుణంగా మార్చాలి? ఆ బోధ స్థాయికి ఏ ఆధునిక సమాజమూ ఇంకా పూర్తిగా చేరలేదు. మారవలసింది గొలుసు. మారవలసింది గడియ వేసిన వెనుక గది. మారవలసింది జనాజాకు పోని మన అడుగు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఖుర్ఆన్‌లో లేదు. ఉన్నది మన చేతులలో, మన కాళ్ళలో.

రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వారిని కనిపెట్టుకుని ఉన్న తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఓర్పునూ, తోడునూ ఇచ్చుగాక. వారికి ఆ తోడు అయ్యే భాగ్యం మనకు కలిగించుగాక. ఆమీన్.